పది చుక్కల అప్పు

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, రెండో అంతస్తు.
రాత్రి మూడింటికి
నెలలు నిండని పిల్లల వార్డులో
నీళ్ళసీసా ఒకటి గుడగుడమంటూనే ఉంటుంది.
ఆ బుడగలు ఆగితే నర్సు లేస్తుంది.
ఆగనంతసేపూ ఎవరికీ వినబడవు.

ఇరవై ఎనిమిదో వారానికే వచ్చేసిన పిల్ల.
తొమ్మిది వందల నలభై గ్రాములు.
"కిలోకి అరవై తక్కువ,
జీడిపప్పయితే సావుకారు తిప్పి పంపేసును"
అంది అమ్మమ్మ దాలమ్మ.
పిల్లకి పేరింకా లేదు.
కాలికి కట్టిన పట్టీ మీద
"ఢిల్లేశ్వరి బిడ్డ" అని మాత్రం.

ఊపిరి లాగినప్పుడల్లా
రొమ్ము కింద చిన్న పల్లం పడుతోంది,
తడి ఇసుకలో వేలు పెట్టి తీసినట్టు.

నేను ల్యాబు మనిషిని.
ఒళ్ళంతా కలిపితే
టీ గ్లాసుడు కూడా లేని నెత్తుట్లోంచి
నాకు పది చుక్కలు కావాలి.

ఎందుకో చెప్పాలి.
కాగితంలో "బయోమార్కర్" అని ఉంది.
ఆ మాటని కాసేపు నోట్లో నానబెట్టి
ఇలా అన్నాను:
ఈ ఆయాసం మన కంటికి కనబడుతోంది తల్లీ,
దీని వెనకాల రాబోయేది కనబడదు.
ఏ పిల్లకి పదిరోజుల్లో సర్దుకుంటుందో
ఏ పిల్ల తిత్తులు గట్టిపడి
నెలల తరబడి ఆక్సిజన్‌కి కట్టుబడిపోతుందో
నెత్తురుకి ముందే తెలుస్తుందేమో.
తెలిస్తే, ఎక్కడ దాచుకుంటుందో
వెతుకుతున్నాం.

దాలమ్మ మధ్యలో ఆపకుండా వింది.
"మాది ఉద్దానం బాబూ.
రత్తం తియ్యడం మాకు కొత్తేటి?
బడికాడ టెంటేసి తీసేరు,
కొబ్బరితోటలో బల్లేసి తీసేరు,
నూతిలో నీళ్ళు సీసాల్లో పట్టుకెల్లేరు.
మా ముసిలోడికి అయిదుసార్లు తీసేరు.
ఆడు కిడ్నీలు పోయి ఎల్లిపోనాడు,
కాయితం ఇంకా రానేదు.
తీసినోలు ఎంతమందో గానీ
తిరిగొచ్చి సెప్పినోలు ఒక్కలూ నేరు."

నా దగ్గర జవాబు లేదు.
రెండేళ్ళు పడుతుంది, మూడూ పట్టొచ్చు,
ఏమీ తేలకపోనూ వచ్చు.
అన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి, చదివి వినిపించాను.
"ఈ బిడ్డకి నేరుగా మేలు జరగకపోవచ్చు"
అన్న చోట నా గొంతు తగ్గింది.
"అదీ గట్టిగా సదువు" అంది.
చదివాను.

ఢిల్లేశ్వరి సంతకం చేసింది,
కుట్ల మీద ఒక చెయ్యి ఆనించుకుని,
ఒక్కో అక్షరం.
సాక్షిగా దాలమ్మ వేలిముద్ర.
నలభై ఏళ్ళు జీడిపిక్కలు కొట్టిన బొటనవేలు,
ఆ రసం గీతల్ని ఎప్పుడో తినేసింది.
మూడుసార్లు ఒత్తించాను.
మూడుసార్లూ సిరా మరకే గానీ
ముద్ర లేదు.
"ఇదీ పనికొత్తాదేటి?" అని నవ్వింది.
పనికొస్తుందన్నాను.
నిజంగా వస్తుందో రాదో అప్పటికి నాకూ తెలీదు.

బొడ్డుగొట్టంలోంచి పది చుక్కలు.
పదకొండోది రాబోతే నర్సు నా చెయ్యి పట్టుకుంది.
యంత్రంలో వేసి తిప్పితే
ఎరుపు అడుక్కి దిగింది.
పైన తేరింది కొంచెం పసుపు నీళ్ళ రంగు.
అందులోనే ఉండాలి, ఉంటే.
గొట్టం మీద పేరు రాయకూడదు. ముప్పై ఏడు అని రాసి
మైనస్ ఎనభైలో పెట్టాను.
తలుపు మూసేటప్పుడు వేళ్ళకి చల్లదనం కాదు,
మంట తగిలింది.

పాలవాడికీ కిరాణాకొట్టుకీ
బాకీలు రాసుకునే చిన్న పుస్తకం ఒకటుంది నాకు.
అందులో, పాలవాడి కింద,
దాలమ్మ ఫోన్ నంబరు.

తెల్లారి ఆరింటికి
గాజు తలుపు అవతల నిలబడి అడిగింది:
"రత్తం ఏటంతంది బాబూ?"
ఇంకా ఏమీ అనలేదన్నాను.
"నీళ్ళసీసా అంతంది గదా" అంది.
నర్సు కుర్చీలోంచి లేవలేదు.